వీధి పిల్లుల గుంపుని చూస్కోవడం ఎలా? తిండి గిన్నె నుంచి ఆపరేషన్ దాకా

ఇంటి వెనక సందులోనో, ఆఫీసు పార్కింగ్‌లోనో, పక్కనున్న ఖాళీ స్థలంలోనో నాలుగైదు పిల్లులు తిరుగుతుంటాయి, ఒకరోజు జాలేసి కొంచెం తిండి పెడతారు, మర్నాడు సరిగ్గా అదే టైముకి వచ్చి కూర్చుంటాయి, ఇంకొన్నాళ్ళకి కొత్త మొహాలు కూడా కనిపిస్తాయి. అక్కణ్ణుంచి ఏం చెయ్యాలో ఒక్కో మెట్టుగా చెప్తా.

ముందే సూటిగా ఒక మాట. తిండి పెట్టడం ఒక్కటే చేసి ఊరుకుంటే ఆ పిల్లుల కష్టం తగ్గదు, పెరుగుతుంది. వినడానికి కటువుగా ఉంటుంది కానీ లెక్క చూడండి. ఆడపిల్లి 4 నెలల వయసుకే ఎదకి రావచ్చు, కడుపుతో ఉండేది 63 నుంచి 65 రోజులు, ఒక్కో ఈతకి నాలుగైదు కూనలు, అవి ఇంకా పాలు తాగుతుండగానే తల్లికి మళ్ళీ కడుపు రావచ్చు. కడుపు నిండా తిన్న పిల్లి ఇంకా బాగా ఈనుతుంది, పుట్టిన కూనల్లో చాలా వరకు జబ్బు చేసో, బండి కింద పడో, కుక్కలకి దొరికిపోయో పెద్దవ్వకుండానే పోతాయి, అదంతా మీ కళ్ళముందే జరుగుతుంది. అందుకని తిండి పెట్టడం మొదలెట్టిన రోజే, ఇక కూనలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ గురించి కూడా అనుకోండి, రెండూ ఒకే పని.

స్టెప్ 1: ముందు లెక్క తేల్చండి

కొన్ని రోజులు తెల్లవారుజామున, మళ్ళీ చీకటి పడే టైములో కూర్చుని చూడండి, పిల్లులు ఎక్కువగా బయటికొచ్చేది ఆ రెండు పూటలే. ప్రతి పిల్లికీ ఫోన్‌లో ఫొటో తియ్యండి, కుడి పక్క ఒకటి ఎడమ పక్క ఒకటి, ఎందుకంటే ఒకేలా కనిపించే రెండు నల్ల పిల్లుల్ని ఒకటే అనుకుని లెక్క తప్పడం చాలా మామూలు. ఏదో ఒక పేరు పెట్టండి, పేరుంటే గుర్తుంటుంది, ఇంకెవరికైనా చెప్పాలన్నా తేలిక.

ఆడా మగా అనేది దూరం నుంచి కొంచెం పోల్చుకోవచ్చు. నలుపు, నారింజ, తెలుపు కలిసిన మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగువి ఎక్కువ శాతం మగవి, సుమారు 80 శాతం. ఆపరేషన్ కాని పెద్ద గండుపిల్లికి బుగ్గలు లావుగా ఉండి మొహం వెడల్పుగా కనిపిస్తుంది. ఒక చెవి కొస తిన్నగా కోసేసినట్టు ఉంటే దానికి ఇదివరకే ఎవరో ఆపరేషన్ చేయించారని అర్థం, దాన్ని మళ్ళీ పట్టక్కర్లేదు. కొట్లాటలో చిరిగిన చెవి వంకరటింకరగా ఉంటుంది, అది ఇది ఒకటి కాదు, జాగ్రత్తగా చూడండి.

ఇంకోటి, గుంపులో ఉన్నవన్నీ అడవిపిల్లుల్లాగా బెదిరిపోయేవే కాదు. తోక నిటారుగా లేపి మీ దగ్గరికి నడిచొచ్చి, మొహంలోకి చూసి మ్యావ్ అని పిలిచే పిల్లి ఎవరింట్లోనో పెరిగిందే అయ్యుంటుంది, తప్పిపోయి ఉండొచ్చు లేదా వదిలేసి ఉండొచ్చు. దాని ఫొటో చుట్టుపక్కల వాళ్ళ గ్రూపుల్లో పెట్టండి, వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉందేమో స్కాన్ చెయ్యమనండి, ఎవరూ రాకపోతే దానికి ఇల్లు వెతకండి. అలాంటి పిల్లికి వీధి బతుకు అస్సలు పడదు. మనిషి వెళ్ళిపోయేదాకా దూరంగా నేలకి కరుచుకుని కూర్చుని, నోరెత్తకుండా, మీరు వెళ్ళాకే తినేది మాత్రం బయట పుట్టి పెరిగిన పిల్లి, దాన్ని ఇంట్లో పెట్టి మచ్చిక చెయ్యాలని చూస్తే అది బెంగతో నలిగిపోతుంది. దాని ఇల్లు బయటే, మనం చెయ్యాల్సింది ఆ బయట బతుకుని కాస్త సుఖంగా చెయ్యడమే.

ఈ లెక్క తీస్తున్నప్పుడే ఇంకెవరైనా వీటికి తిండి పెడుతున్నారేమో కనుక్కోండి, తప్పకుండా ఎవరో ఒకరు ఉంటారు. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం పంచుకుంటే ఇద్దరికీ తేలిక. పైగా ఆపరేషన్‌కి పట్టడానికి మీరు బోను పెట్టే రోజున వాళ్ళు తెలీక కడుపు నిండా పెట్టేస్తే ఒక్క పిల్లి కూడా బోనులోకి రాదు. అలాగే మీరు ఉండే చోట వీధి జంతువుల విషయంలో నియమాలేంటో కూడా ఒకసారి తెలుసుకోండి.

స్టెప్ 2: ఒకే టైము, ఒకే చోటు

రోజూ అదే టైముకి, అదే చోట పెట్టండి. పెట్టాక 20 నుంచి 30 నిమిషాలు ఆగండి, తినేసినవి తిన్నాక మిగిలింది తీసేసి, గిన్నెలు తీసేసి, చోటు ఊడ్చి వచ్చెయ్యండి. రాత్రంతా తిండి వదిలేస్తే ఎలుకలు, చీమలు, కుక్కలు, ఆఖరికి చుట్టుపక్కల వాళ్ళ కోపం, అన్నీ కలిసి వస్తాయి. టైముకి పెట్టడం వల్ల అసలు లాభం వేరే ఉంది, అన్ని పిల్లులూ ఒకేసారి మీ కళ్ళముందుకి వస్తాయి, ఏది రాలేదు, ఏది కుంటుతోంది, ఏది వాసన చూసి తినకుండా వెళ్ళిపోయింది అనేది ఆ అరగంటలో తెలిసిపోతుంది. బోను పెట్టే రోజున కూడా ఈ అలవాటే పనికొస్తుంది.

4 కిలోల పెద్ద పిల్లికి డ్రై ఫుడ్ అయితే రోజుకి 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది, బయట తిరిగేవి, చలికాలంలో ఉన్నవి ఇంకొంచెం తింటాయి, చూలుతో ఉన్నది, పాలిచ్చేది దానికి రెట్టింపు కూడా తినొచ్చు. వెట్ ఫుడ్ మంచిదే, ఒంటికి నీళ్ళు కూడా అందుతాయి, కానీ ఎండలో గబుక్కున పాడైపోతుంది కాబట్టి మీరు ఎదురుగా ఉన్నప్పుడే పెట్టండి. కుక్కల తిండి రోజువారీగా పెట్టొద్దు. పిల్లి ఒంటికి టారిన్ అనే పోషకం బయటనుంచి తిండిలోనే అందాలి, కుక్కల తిండిలో అది సరిపడా ఉండదు, నెలల తరబడి అందకపోతే చూపు పోతుంది, గుండె కూడా దెబ్బతింటుంది. పాలు మానెయ్యండి, పెద్ద పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన తిండి పిల్లికి విషం, రక్తంలో ఎర్ర కణాల్ని పాడు చేస్తుంది. ఉడికించిన ఎముకలు ముక్కలై గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి, అవీ వద్దు.

ఒకే గిన్నెలో పెడితే పెద్ద గండుపిల్లి తినేసి మిగతావి చూస్తూ కూర్చుంటాయి, అందుకే గిన్నెలు ఎక్కువ పెట్టి ఎడంగా పెట్టండి. చీమలు పడుతుంటే గిన్నెని నీళ్ళు పోసిన పళ్ళెంలో ఉంచండి చాలు. నీళ్ళ గిన్నె తిండికి కొంచెం దూరంగా, నీడలో పెట్టండి. తిండి తీసేసినా నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి, రోజూ కడిగి మార్చాలి.

స్టెప్ 3: ఆపరేషన్, అసలు పని ఇదే

పట్టడం, ఆపరేషన్ చేయించడం, తెచ్చి మళ్ళీ అదే చోట వదలడం. ఇంతే. కానీ ముందు వెట్‌తో మాట్లాడకుండా ఒక్క పిల్లిని కూడా పట్టకండి, పట్టిన పిల్లిని ఇంట్లో పెట్టుకుని అపాయింట్‌మెంట్ కోసం రోజులు ఎదురుచూడటం దానికి నరకం.

డాక్టర్‌కి ఇది వీధి పిల్లి, చేత్తో పట్టనివ్వదు, బోనులోనే తెస్తాను అని ముందే చెప్పండి. నాలుగు విషయాలు గట్టిగా అడగండి. ఒకటి, కరిగిపోయే కుట్లే వెయ్యాలి, కుట్లు విప్పడానికి దాన్ని మళ్ళీ పట్టడం అయ్యే పని కాదు. రెండు, అదే మత్తులో రేబీస్ టీకా, వీలైతే పిల్లులకి వేసే కాంబినేషన్ టీకా కూడా వేసెయ్యాలి. మూడు, ఎక్కువసేపు పనిచేసే నొప్పి ఇంజెక్షన్ ఇవ్వాలి. నాలుగు, చెవి కొస సుమారు 1 సెంటీమీటరు కత్తిరించాలి, మామూలుగా ఎడమ చెవికి చేస్తారు. చెవి కొయ్యడం అనగానే చాలామందికి మనసు ఒప్పదు, కానీ మత్తులో ఉండగా చేస్తారు, తొందరగా మానిపోతుంది, ఆ గుర్తు లేకపోతే రేపు ఇంకెవరో అదే ఆడపిల్లిని మళ్ళీ పట్టి మళ్ళీ పొట్ట కోయించే ప్రమాదం ఉంది. కూనలకైతే 2 నెలలు నిండి బరువు సుమారు 1 కిలో దాటాక చాలామంది డాక్టర్లు చేస్తారు.

ఎవర్ని ముందు పట్టాలి అంటే నా మాట ఆడవాటినే. ఒక గండుపిల్లి మిగిలిపోయినా గుంపు పెరుగుతుంది, నిజమే, కానీ ఆడవన్నీ అయిపోతే ఈనేవే ఉండవు కదా. అన్నిటికన్నా తెలివిగా తప్పించుకునే ఆడపిల్లి ఒకటి ప్రతి గుంపులో ఉంటుంది, దాన్ని తర్వాత చూద్దాంలే అని వదలొద్దు, ఏటా ఈనుతూ మీ పనంతా వెనక్కి లాగేది అదే.

బోను పెట్టే ముందు కొన్ని రోజులు దాని తలుపు తెరిచి కట్టేసి, అందులోనే తిండి పెట్టండి, అలవాటు పడతాయి. పట్టే రోజుకి ముందు రోజు నుంచి తిండి ఆపండి, నీళ్ళు ఆపకండి. ఆకలి ఉంటేనే లోపలికొస్తాయి, మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండటం కూడా అవసరం, ఎన్ని గంటలు ఖాళీగా ఉండాలో డాక్టర్‌ని అడగండి, చిన్న కూనల్ని మాత్రం ఎక్కువసేపు ఆకలితో ఉంచకూడదు.

బోనుని చదునుగా ఉన్న నేల మీద ఊగకుండా పెట్టండి, అడుగున న్యూస్‌పేపర్ పరవండి, ఎరని, తొక్కగానే తలుపు పడే పలకకి అవతల బాగా లోపలికి పెట్టండి, లేకపోతే మెడ సాచి తినేసి వెళ్ళిపోతుంది. నీచు వాసన గట్టిగా వచ్చేది ఏదైనా, నూనెలో ఉన్న డబ్బా చేప లాంటిది, బాగా లాగుతుంది. బయటనుంచి లోపలికి చిన్న చిన్న ముక్కలు దారిలాగా వేసి వదలండి. అక్కణ్ణుంచి దూరంగా వెళ్ళండి కానీ బోనుని కనుచూపు మేరలోనే ఉంచుకోండి, వదిలేసి ఇంటికెళ్ళిపోవడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, బోనులో చిక్కిన పిల్లికి కుక్కొచ్చినా, వానొచ్చినా, ఎవరైనా పిల్లలొచ్చి కర్రతో పొడిచినా తప్పించుకునే దారుండదు. తలుపు పడగానే పెద్ద దుప్పటి తెచ్చి బోను మొత్తం కప్పెయ్యండి, చీకటి పడగానే అప్పటిదాకా గోడలకి కొట్టుకుంటున్న పిల్లి నిమిషంలో సద్దుమణుగుతుంది. పాపం అనుకుని తలుపు కొంచెం తెరిచి నిమరాలని చూడకండి, అది జారిపోతే మళ్ళీ నెలల తరబడి బోను ఛాయలకి రాదు. బోనుకో పిల్లి మాత్రమే, ఎండలో ఆపిన కారులోనో డిక్కీలోనో పెట్టొద్దు.

అసలు బోనులోకి రానిదానికి ఇంకో పద్ధతుంది, పైనుంచి పడే పెద్ద వల పెట్టెని ఒక పుల్ల మీద ఆనించి, ఆ పుల్లకి తాడు కట్టి, పిల్లి కింద తింటున్నప్పుడు దూరం నుంచి తాడు లాగడం. తలుపుని చూసి భయపడే పిల్లులు దీనికి తేలిగ్గా దొరుకుతాయి, ఒక్కదాన్నే కావాలంటే మిగతావి తిని వెళ్ళేదాకా ఆగొచ్చు కూడా.

పట్టిన ఆడపిల్లి రొమ్ములు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడి కనిపిస్తే ఎక్కడో కూనలున్నట్టు. డాక్టర్‌కి చెప్పండి, పాలిచ్చే తల్లికి కూడా ఆపరేషన్ చెయ్యొచ్చు, అయ్యాక పాలు ఆగిపోవు, కానీ దాన్ని రోజుల తరబడి ఉంచుకోకుండా పూర్తిగా తేరుకోగానే అదే రోజు వదిలెయ్యాలి, ఎందుకంటే అవతల ఆకలితో కూనలు ఎదురు చూస్తుంటాయి.

స్టెప్ 4: ఆపరేషన్ అయ్యాక

మత్తులో ఉన్న పిల్లి తన ఒంటి వేడిని తను కాపాడుకోలేదు, అందుకే గాలి కొట్టని, నిశ్శబ్దంగా ఉండే గదిలో బోనుని కప్పి ఉంచండి, చల్లటి నేల మీద కాకుండా కింద ఏదైనా మందంగా వెయ్యండి. తల నిలబెట్టి, తూలకుండా కూర్చున్నాకే నీళ్ళు, కొంచెం తిండి. మగదాన్ని 24 గంటలు, ఆడదాన్ని 24 నుంచి 48 గంటలు ఉంచితే మామూలుగా సరిపోతుంది. రక్తం ఆగకుండా కారుతున్నా, గంటలు గడిచినా మత్తు దిగకపోయినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా రేపటిదాకా ఆగకండి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

వదిలేటప్పుడు పట్టిన చోటే వదలాలి. తలుపు రోడ్డు వైపు కాకుండా చెట్లో గోడో ఉన్న వైపు తిప్పి, తెరిచి, వెనక్కి జరగండి, బాణంలా దూసుకుపోతుంది. కొన్ని రోజులు కనిపించకపోవచ్చు, కంగారు పడకండి, తిండి టైముకి పెడుతూ ఉండండి. గండుపిల్లి ఆపరేషన్ అయిన వెంటనే సంతానం ఆగిపోదు, కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి ఆ మధ్యలో ఏదైనా ఆడపిల్లికి కడుపొస్తే ఆపరేషన్ ఫెయిల్ అయిందని డాక్టర్ మీద పడకండి.

వీటిని దూరంగా ఎక్కడైనా వదిలెయ్యొచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వద్దు. కొత్త చోట ఎక్కడ నీళ్ళుంటాయో, ఎక్కడ దాక్కోవాలో తెలీదు, పాత చోటికి తిరిగొచ్చే ప్రయత్నంలో రోడ్ల మీద చచ్చిపోతాయి, ఇక్కడ ఖాళీ అయిన చోటికి ఆపరేషన్ కాని కొత్త పిల్లులు వచ్చి చేరతాయి. బిల్డింగ్ కూల్చేస్తున్నారు లాంటి తప్పనిసరి పరిస్థితి అయితేనే మార్చాలి, అప్పుడు కూడా కొత్త చోట మూసిన గదిలోనో పెద్ద బోనులోనో మూడు నాలుగు వారాలు ఉంచి, తిండి పెట్టి, ఆ చోటు తనదే అనిపించాక వదలాలి.

స్టెప్ 5: కూనలు కనిపిస్తే

మంచి మనసుతో ఎక్కువ చెడు జరిగేది ఇక్కడే. మూలన కూనలు కనిపించగానే తల్లి వదిలేసింది అనుకుని ఎత్తుకొచ్చేస్తారు, తల్లేమో తిండికి వెళ్ళి ఉంటుంది. ముట్టుకోకుండా చూడండి. కూనలు వెచ్చగా, శుభ్రంగా, పొట్ట నిండుగా ఉండి నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే. దూరంగా వెళ్ళి కొన్ని గంటలు ఆగండి, మీరు పక్కనే నిలబడితే అది రాదు. చల్లగా అయిపోయి, మురికిగా, ఆగకుండా అరుస్తుంటే, ఎంతకీ తల్లి రాకపోతే అప్పుడు తియ్యండి.

తీసిన కూనకి ముందు పాలు కాదు, వేడి. ఒళ్ళు చల్లబడ్డ కూనకి పాలు పడితే అరగవు, ప్రాణం మీదకొస్తుంది. గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి, ఇష్టం లేకపోతే జరగడానికి చోటుంచి, ఒళ్ళు వెచ్చబడ్డాక పిల్లి కూనల కోసమే అమ్మే పాలపొడి కలిపి పట్టండి. మామూలు పాలు వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, తల్లి దగ్గర తాగేటట్టు బోర్లా ఉంచండి. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. మూడు వారాల లోపు కూనలు తమంతట తాము మూత్రం, మలం పోలేవు, తల్లి నాకుతుంది, మీరు తడి దూదితో మెల్లగా తుడవాలి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుంటుంది, రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి, వంటింటి కాటాలో రోజూ తూచి రాసుకోండి, ఒకరోజు బరువు తగ్గితే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

తల్లి ఉన్న కూనలైతే నాలుగైదు వారాలకి తిండి మీదకి వస్తాయి. మనుషులకి అలవాటు పడే వయసు రెండో వారం నుంచి ఏడెనిమిది వారాల మధ్య ఉంటుంది, ఆ లోపు రోజూ చేతుల్లోకి తీసుకుంటే ఇంటి పిల్లులైపోతాయి, దత్తతకి ఇవ్వొచ్చు. ఆ వయసు దాటేకొద్దీ కష్టం. ఇళ్ళు దొరికే అవకాశం ఉంటే ఆ వారాల్ని పోనివ్వకండి, గుంపు తగ్గడానికి అదొక మంచి దారి.

స్టెప్ 6: తలదాచుకోవడానికి చోటు

పెద్ద ఇల్లు కట్టక్కర్లేదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా, లోపల గోడలకి థర్మాకోల్ పలకలు, ఒక పక్క సుమారు 15 సెంటీమీటర్ల గుండ్రటి కంత. అంతకన్నా పెద్ద కంత పెడితే కుక్క దూరుతుంది, చలి దూరుతుంది. రెండు మూడు పిల్లులు దగ్గరగా ముడుచుకునేంత చోటు చాలు, మరీ పెద్దదైతే వాటి ఒంటి వేడి నిలవదు. కంతని అడుగు నుంచి కొన్ని అంగుళాలు ఎత్తులో పెట్టండి, వాన నీళ్ళు రావు, డబ్బాని ఇటుకల మీద లేపండి, గాలి వచ్చే దిక్కుకి వీపు పెట్టండి. కుక్కలు ఎక్కువ తిరిగే చోట రెండో కంత కూడా ఉంటే మంచిది, తప్పించుకోవడానికి.

లోపల దుప్పట్లు, పాత బట్టలు పెట్టకండి, చెమ్మ పీల్చుకుని పిల్లి ఒంటి వేడినే లాగేస్తాయి. గింజ దులిపేసిన పొడి గడ్డి మేలు, చెమ్మ నిలవదు, పిల్లి అందులోకి దూరి పడుకుంటుంది. ఎండాకాలంలో ఇదే డబ్బా పొయ్యి అయిపోతుంది, అప్పుడు నీడ, గాలి ఆడే చోటు, రెండు మూడు చోట్ల నీళ్ళు, అవే ముఖ్యం. చలికి పిల్లులు కారు బానెట్‌లోకి, టైరు మీదకి దూరతాయి కాబట్టి స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద గట్టిగా రెండు దెబ్బలు కొట్టమని అక్కడ బండ్లు పెట్టేవాళ్ళందరికీ చెప్పండి.

స్టెప్ 7: జబ్బుల్ని ముందే పసిగట్టండి

పిల్లి నొప్పిని దాచుకుంటుంది, మీకు కనిపించేసరికి ఆలస్యమై ఉంటుంది, అందుకే ఆ తిండి టైము అరగంట అంత విలువైంది. ఆకలితో గిన్నె దగ్గరికి వచ్చి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, బుస కొట్టి పారిపోతే నోట్లో నొప్పి ఉందన్నమాట, పుండ్లో పళ్ళో చూడాలి. కళ్ళల్లో పుసులు, తుమ్ములు, ముక్కు కారడం అంటే పిల్లి జలుబు, తొందరగా పక్కవాటికి అంటుకుంటుంది. గండుపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని, ముక్కి, ఏమీ రాకుండా లేస్తుంటే అది ఎమర్జెన్సీ, మూత్రం దారి మూసుకుపోయింది, ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే కూడా అంతే, ఆలోచించే టైము లేదు.

ఇంట్లో మాత్రలు వెయ్యకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి చచ్చిపోవడానికి. కుక్కల మీద పోసే ఫ్లీస్ (ఒంటి మీద పాకే చిన్న పురుగులు) మందులు కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లికి తగిలితే ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు, డబ్బా మీద పిల్లులకి అని రాసి ఉందో లేదో చదివాకే వాడండి. పొట్టలో పురుగుల మందు తిండిలో కలిపి పెట్టొచ్చు, డోసు డాక్టర్ చెప్పాలి, ఒక్కో పిల్లికి విడి గిన్నెలో పెడితేనే ఎవరెంత తిన్నారో తెలుస్తుంది.

కూనలు వరసగా వాంతులు, విరేచనాలతో చచ్చిపోతుంటే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ అయ్యుండొచ్చు. అది నేల మీద, గిన్నెల మీద ఏడాది దాకా బతకగలదు, మామూలు ఫ్లోర్ క్లీనర్లకి చావదు. ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి, ముందు మురికి కడిగేసి, ఆ తర్వాత ఈ నీళ్ళతో 10 నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. టీకా వేయని కొత్త కూనల్ని ఆ చోటికి తేవద్దు.

స్టెప్ 8: చుట్టుపక్కల వాళ్ళతో

గొడవ పడకండి, ఓడిపోయేది పిల్లులే. వాళ్ళ కంప్లయింట్ వినండి, చాలావరకు నిజమే ఉంటుంది: రాత్రిళ్ళు అరుపులు, గోడల మీద ఘాటు వాసన, మొక్కల కుండీల్లో మలం. మొదటి రెండూ ఆపరేషన్లయ్యాక బాగా తగ్గుతాయి, ఆ మాట చెప్పి మీ లెక్కల పుస్తకం చూపించండి, ఇన్ని ఉన్నాయి, ఇన్నిటికి అయింది, ఇన్ని మిగిలాయి అని. మూడో దానికి తిండి చోటుకి దూరంగా ఒక మూల పొడి ఇసుక పోసి రోజూ తీసి శుభ్రం చెయ్యండి, పిల్లులు మెత్తటి ఇసుకనే ఇష్టపడతాయి, కుండీల్లో మట్టి మీద గులకరాళ్ళు పరిస్తే అక్కడికి పోవు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది, కాబట్టి పక్షులు గూళ్ళు పెట్టే చోటికి, వాటికి నీళ్ళు పెట్టే చోటికి దూరంగానే మీ తిండి చోటు ఉండాలి, పక్షుల గురించి బాధపడే పక్కింటాయన మాట తీసిపారేసేది కాదు.

స్టెప్ 9: మీ ఒళ్ళు కూడా చూస్కోండి

పిల్లి కరిచినా, రక్కి రక్తం వచ్చినా సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రేబీస్ టీకా విషయం ఒకటి, పిల్లి పళ్ళు సూదిలా లోతుగా దిగి లోపల చీము పట్టేలా చెయ్యడం ఇంకోటి, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది కానీ తెల్లారేసరికి చెయ్యి వాచిపోతుంది. బెదిరే పిల్లిని వట్టి చేత్తో ఎత్తకండి. ఇసుక తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, రోజూ తియ్యండి, ఎందుకంటే మలంలో ఉండే టాక్సోప్లాస్మా అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒకరోజు పడుతుంది. గర్భిణీలు ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి.

ఇంకా, మీకు జ్వరం వస్తుంది, ఊరెళ్తారు, ఇల్లు మారతారు. మీ బదులు పెట్టేవాళ్ళని ముందే చూసి పెట్టుకోండి, కొన్ని రోజులు మీతో పాటు తీసుకెళ్ళండి, పిల్లులు వాళ్ళ వాసనకీ గొంతుకీ అలవాటు పడాలి. ఫొటోలు, పేర్లు, దేనికి ఆపరేషన్ అయింది, దేనికి టీకా ఎప్పుడు వేశారు, ఏ డాక్టర్, బోను ఎక్కడుంది, తిండి టైము, ఇవన్నీ ఒకే చోట రాసి వాళ్ళ ఫోన్‌కి పంపించెయ్యండి. కొత్త పిల్లి ఏదైనా గుంపులో కనిపిస్తే ముందు చెవి చూడమనండి, కొస తెగి లేకపోతే ఆ వారంలోనే వెట్‌కి ఫోన్ చెయ్యాలని కూడా అందులోనే రాయండి.